తేడా

ఓందుర్మాన్‌లో మా బ్యాంకు ఇనప్పెట్టెకి
మూడు తాళాలుండేవి.
ఒకటి మేనేజరు దగ్గర, ఒకటి నా దగ్గర,
మూడోది ఎవరి దగ్గరో చెప్పకూడదని నియమం.
ఇరవై రెండేళ్ళు ఆ చెవి నడుముకి వేలాడుతుంటే
భద్రత అంటే అదేననుకున్నాను.

యుద్ధం వచ్చిన మూడోవారం
గోడ పేల్చి, పెట్టెను పెట్టెగానే లారీకెత్తుకుపోయారు.
తాళంచెవి మాత్రం నాకే మిగిలింది.
ఇప్పుడు దాంతో నూనె డబ్బాల మూతలు తీస్తున్నాను.

నా కొత్త కొలువు అవదియ్యా పొయ్యి దగ్గర.
ఒకప్పుడామె బస్టాండు నీడలో
శొంఠి కాఫీ అమ్మేది.
ఎవరెంత బాకీయో కాగితం లేకుండా చెప్పేది.
ఆ జ్ఞాపకమే ఈరోజు మా సందుకి జనాభా లెక్క:
ఏ ఇంట్లో ఎన్ని నోళ్ళు,
ఎవరికి చక్కెర జబ్బు,
ఏ బాలింతకి పాలు పడలేదు,
ఎవరు ఆకలని చచ్చినా చెప్పరు.

ఫోన్లు బాగుచేసే జాదల్లా
కూలిన డాబాల మీంచి సోలార్ పలకలు దించి
బోరుబావికి తగిలించాడు.
"ఇన్నాళ్ళూ ఈ సూర్యుడు ఊరికే మండిపోయాడు మావా" అంటాడు.
నీళ్ళు వచ్చిన పూటే
గోడవార మట్టికుండలు మళ్ళీ నిండాయి,
ఏ పక్షంవాడివని అడక్కుండా
దారినపోయే దాహానికి.

మమ్మల్నెవరూ వీరులనలేదు.
ఉప్పెక్కువైందన్నారు.
కట్టెల కోసం కొట్లాడుకున్నాం.
నా పెళ్ళినాటి మంచం కోళ్ళు పొయ్యిలోకి ఇచ్చేస్తే
మా ఆవిడ రెండ్రోజులు మాట్లాడలేదు,
మూడోరోజు తలగడ పట్టెలు తనే తెచ్చి పడేసింది.

నేను లెక్క రాస్తాను:
తేదీ. నానేసిన చిక్కుడు గింజలు. కట్టెలు. గిన్నెలు.
ఒకనాడు నూట నలభై ఒకటి వడ్డించాం,
నూట నలభై వెళ్ళాయి.
ఒకటి అరుగు మీద చల్లారుతోంది.
"పోనీలే, పిల్లలెవరైనా తింటారు" అన్నారు.
నాకు మనసొప్పలేదు.
బ్యాంకులో ఒక్క పైస తేడా వస్తే
దొరికేదాకా ఇంటికి పోనిచ్చేవాళ్ళు కాదు.

తేడా పేరు ఖలఫల్లా.
భూగోళం మాస్టారు. సందు చివరి ఇల్లు.
పెరట్లో గుండు పడ్డనాటి నుంచీ ఆయన చెవులు పనిచెయ్యవు,
మూత మీద గరిటెతో మేం కొట్టే పిలుపు
ఆయన దాకా పోదు.
గోడ దూకాం.
నులక మంచం మీద కళ్ళు తెరుచుకునే ఉన్నాడు.
మమ్మల్ని చూసి
"ఇవాళ సెలవా?" అని అడిగాడు.

ఆ సాయంత్రం అవదియ్యా
పాత బావితాడు కోసింది.
ఒక కొస మాస్టారి కాలి మడమకి,
ఇంకో కొస కిటికీలోంచి వీధిలోకి.
పుస్తకంలో రాశాను: తాడు, పన్నెండు మూరలు.
ఏ పద్దు కింద రాయాలో తెలియక
పద్దు గడి ఖాళీగా వదిలేశాను.

పొద్దున్నే నేను లాగాలి.
ఆయన రెండుసార్లు తిరిగి లాగితే ఉన్నట్టు.
ఒక్కసారి లాగితే ఉండీ విసుక్కుంటున్నట్టు.

ఆ వారంలోనే ఇంకో ముగ్గురు
తాడు కావాలని వచ్చారు,
చెవులు నిక్షేపంలా ఉన్నవాళ్ళు.

నిన్న రాత్రి నది అవతల తెల్లార్లూ మోత.
కిటికీలు లేవు కనక అదరలేదు,
మనుషులమే అదిరాం.
వెలుగు రాగానే వెళ్ళి
మాస్టారి కిటికీ కింద నిలబడి లాగాను.
కొంత వదులుగా వచ్చింది.
తర్వాత బరువు తగిలింది.
ఆగాను.

అటు పొయ్యి దగ్గర అవదియ్యా
గరిటె పట్టుకుని నా చేతికేసే చూస్తోంది,
మూత ఇంకా తియ్యకుండా.